చేతిలో ఉన్నది ఏ తుపాకీ?

బెజవాడలో మా బ్యాచ్‌కి జేమ్స్ బాండ్ సినిమా చూసొచ్చాక కథ గురించి మాట్లాడుకునే అలవాటు ఉండేది కాదు. కథ అర్థమైతే గదా మాట్లాడుకోవడానికి! ఆదివారం మార్నింగ్ షో, అరిగిపోయిన ప్రింటు, గరగరమనే సౌండు. మాకొచ్చిన ఇంగ్లీషేమో టెన్త్ క్లాసు రీడరు దాకా. డైలాగులు ముప్పాతిక వంతు నెత్తి మీంచి పోయేవి. అందుకని మేం మొహాల కంటే చేతులు ఎక్కువ చూసేవాళ్ళం. ఎవడి చేతిలో ఏ తుపాకీ ఉంది, ఎక్కణ్ణించి తీశాడు, ఎన్నిసార్లు పేల్చాడు, మళ్ళీ ఎక్కడ దాచాడు. ఆట వదిలాక సోడా బండి దగ్గర చర్చంతా దాని మీదే.

తుపాకీ సినిమాలు మాకు కొత్తేం కాదు. 1966లో కృష్ణ గారి ‘గూఢచారి 116’ వచ్చేనాటికి నాకు ఊహ తెలియదు గానీ, ఆయన్ని ఆంధ్రా జేమ్స్ బాండ్ అనడం మాత్రం చిన్నప్పట్నించీ వింటూనే పెరిగాను. అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవల అట్ట మీద రివాల్వర్ బొమ్మ లేకపోతే అది మా లెక్కలో డిటెక్టివ్ నవలే కాదు. ఇక దీపావళి దగ్గర పడిందంటే వీధివీధంతా రీలు తుపాకులే. రేకు తుపాకీ, అందులో ఎర్ర కాగితం రీలు, రీలు మీద చుక్కలు చుక్కలుగా మందు. ట్రిగ్గర్ నొక్కితే రీలు జరిగి టప్‌మనేది. నాలుగుసార్లు పేలి అయిదోసారి రీలు మడతపడి ఇరుక్కునేది. గోటితో లాగి సరిచేసే లోపల అవతలివాడు మనల్ని చంపేసి ఇంటికెళ్ళి అన్నం తినేవాడు.

ఇరుక్కోవడం అనేది ఎంత పెద్ద విషయమో మాకు ఆ వయసులోనే తెలుసన్నమాట. ‘డాక్టర్ నో’లో ఆ సీను చూడగానే అందరం సర్దుకుని కూర్చోవడానికి అదే కారణం.

అప్పటికి ఆ సినిమా వచ్చి పదిహేనేళ్ళ పైమాటే. 1962 అక్టోబరులో లండన్‌లో విడుదలైన బొమ్మ, మా దాకా ఎన్ని ఊళ్ళు తిరిగి వచ్చిందో. మొదట తెర మీద తెల్లటి చుక్కలు జరిగి, ఒక గుండ్రటి సొరంగంలో టోపీ పెట్టుకున్న మనిషి నడుస్తూ వచ్చి మనవైపు తిరిగి కాలుస్తాడు. ఆ సొరంగం తుపాకీ గొట్టమేనని మాకు తెలుసు. నిజం గొట్టమేనని తెలియదు. టైటిల్స్ చేసిన మారిస్ బైండర్ .38 రివాల్వర్ గొట్టంలోంచి పిన్‌హోల్ కెమెరాతో తీశాడట ఆ షాటు. ఆ టోపీ మనిషి షాన్ కానరీ కాదు, స్టంట్‌మన్ బాబ్ సిమన్స్. అంటే బాండ్ సినిమాల్లో మొట్టమొదటి సెకన్లలో కనిపించే బాండే బాండ్ కాదు. ఆ సిరీస్ తుపాకుల సంగతి కూడా అంతేనని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

సీను ఇదీ. బాండ్ పై ఆఫీసరు, పెద్దాయన ఎమ్, అంటే ఆ వేషం వేసిన బెర్నార్డ్ లీ, బాండ్‌ని కోటు విప్పమంటాడు. సంకలో వేలాడుతున్న తుపాకీ చూపించమంటాడు. బెరెట్టా. దీన్ని పదేళ్ళుగా వాడుతున్నాను, ఒక్కసారి కూడా గురి తప్పలేదంటాడు బాండ్. తప్పకపోవచ్చు, కానీ పోయినసారి జామ్ అయి నువ్వు ఆరు నెలలు ఆస్పత్రిలో పడ్డావుగా అంటాడు ఎమ్. ఈ ముక్క మాకు ఇంగ్లీషు రాకపోయినా అర్థమైంది. చెప్పానుగా, మావి రీలు తుపాకులు. తర్వాత మేజర్ బూత్‌రాయిడ్ అని ఒక ఆఫీసరు లోపలికొచ్చి ఆ బెరెట్టాని తీసిపారేసినట్టు మాట్లాడి, చేతిలో కొత్తది పెడతాడు. వాల్తర్ పీపీకే, 7.65 మిల్లీమీటర్లు. దాని దెబ్బ ఎలా ఉంటుందో కూడా ఒక ముక్కలో చెప్తాడు, అద్దాల కిటికీలోంచి ఇటుకరాయి విసిరినట్టు ఉంటుందని.

నాకు ఆ సీనులో అన్నిటికంటే ఇష్టమైంది చివరి అరనిమిషం. మాట్లాడ్డం అయిపోయింది. బాండ్ కొత్త తుపాకీ పెట్టె తీసుకుంటూ, దాని కింద పాత బెరెట్టాని కూడా చల్లగా కలిపేసి తలుపు దాకా వెళ్తాడు. ఎమ్ తల కూడా ఎత్తకుండా ఆపి, బెరెట్టా అక్కడ పెట్టి వెళ్ళమంటాడు. మొహం మాడ్చుకుని పెట్టేస్తాడు. అంత పెద్ద హీరో, హెడ్‌మాస్టరు దగ్గర గోలీకాయ దాచుకుని దొరికిపోయిన కుర్రాడిలా కనిపిస్తాడు ఆ ఒక్క క్షణం. హాల్లో మేం చప్పట్లు కొట్టింది అక్కడే. బాండ్‌కి మనుషులంటే పెద్ద మమకారం ఉన్నట్టు ఏ సినిమాలోనూ కనిపించదు గానీ, ఆ పాత తుపాకీ మీద మాత్రం ఉంది.

ఆ బూత్‌రాయిడ్ వెనక నిజం మనిషి ఉన్నాడని చాలాకాలం తర్వాత చదివాను. జెఫ్రీ బూత్‌రాయిడ్, గ్లాస్గో ఊరాయన, తుపాకులంటే పిచ్చి. 1956లో బాండ్ నవలలు రాసే ఇయాన్ ఫ్లెమింగ్‌కి ఉత్తరం రాశాడు. మీ హీరో అంటే ఇష్టమే గానీ, ఆ .25 బెరెట్టా ఏమిటండీ, అది ఆడవాళ్ళ తుపాకీ అని. ఆడవాళ్ళ సంగతి తీసుకొచ్చి తేలిక చేయడం నాకు నచ్చదు గానీ, 1956 మనిషి, వదిలేద్దాం. ఆయన సలహా ఇచ్చింది పీపీకే కూడా కాదు, స్మిత్ అండ్ వెసన్ కంపెనీ వాళ్ళ పొట్టి రివాల్వర్. ఫ్లెమింగ్ మాత్రం ఆ సలహాకి మురిసిపోయి 1958లో వచ్చిన ‘డాక్టర్ నో’ నవలలో బాండ్‌కి వాల్తర్ పీపీకేతో పాటు ఆ రివాల్వర్‌ని కూడా ఇప్పించి, ఇచ్చే ఆఫీసరుకి ఆయన పేరే పెట్టేశాడు. పాఠకుడు ఉత్తరం రాస్తే హీరో చేతిలో ఆయుధం మారిపోయి, రాసినవాడు పాత్ర అయిపోవడం! మన వారపత్రికలకు ఉత్తరాలు రాసే రోజుల్లో మా నాన్నకి ఈ సంగతి తెలిసి ఉంటే ఇంకో నాలుగు కార్డులు ఎక్కువ రాసేవాడు.

1980 జనవరిలో మొదటిసారి నిజం వాల్తర్‌ని చూశాను.

మా చిన్నమావయ్య హైదరాబాదులో ఒక తుపాకుల షాపులో లెక్కలు రాసేవాడు. లైసెన్సున్న షాపే. ముందు గదిలో వేటకు వాడే పన్నెండు బోరు తుపాకులు నిలబెట్టి, వాటి ట్రిగ్గర్ల మీదుగా ఒక గొలుసు వేసి తాళం పెట్టేవాళ్ళు. గది నిండా తుపాకీ నూనె వాసన. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు మావయ్యకి కేరేజీ ఇచ్చే నెపంతో నేను మధ్యాహ్నం షాపుకి వెళ్ళేవాణ్ణి. ఆ నెలలోనే లోక్‌సభ ఎన్నికలు అయ్యాయి. ఎన్నికలొస్తే లైసెన్సున్న వాళ్ళు ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లోనో, ఇలాంటి షాపులోనో డిపాజిట్ చేయాలి. ఎన్నికలయ్యాక రసీదు చూపించి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళని బద్ధకస్తులవి ఇంకా అలమారలో ఉన్నాయి, ఒక్కోదానికి అట్టముక్క చీటీ, పురికొసతో కట్టి.

"ఏరా, మీ బాండుగాడి తుపాకీ చూస్తావా?" అన్నాడు మావయ్య.

"నిజంగానా మావయ్యా!"

"ముందు చేతులు వెనక్కి కట్టుకో. నేను చెప్పేదాకా ముట్టుకోకు."

ఓనరు భోజనానికి వెళ్ళిన టైమది. మావయ్య అలమారలోంచి తీసి, తూటాలుండే మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టి, స్లైడ్ వెనక్కి లాగి గొట్టం ఖాళీగా ఉందని ఒకసారి కంటితో, ఒకసారి వేలితో చూసి, అప్పుడు పాత చీర ముక్కలాంటి గుడ్డ పరిచి దాని మీద పెట్టాడు. అంత చిన్నదా అనుకున్నాను. తెర మీద కానరీ చేతిలో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. నల్లటి రంగు అంచుల దగ్గర అరిగిపోయి వెండిలా మెరుస్తోంది. పక్కన రిబ్బను ఆకారంలో కంపెనీ పేరు చెక్కి ఉంది.

మావయ్య టెన్త్ ఫెయిల్. కానీ ఆ పావుగంటలో ఆయన చెప్పినట్టు మా ఫిజిక్స్ లెక్చరరు కూడా ఏనాడూ చెప్పలేదు. ఎడమపక్క చిన్న మీట ఉంటుంది, అది సేఫ్టీ. పైకి ఉంటే దాని కింద ఎర్రచుక్క కనిపిస్తుంది. ఎర్రచుక్క కనిపిస్తే పేలుతుందని అర్థం. మీటని కిందికి నొక్కితే ఎర్రచుక్క మాయం, వెనక లేచి ఉన్న హ్యామర్, అంటే తూటాని పేల్చే సుత్తిలాంటిది, టక్కున పడిపోతుంది, కానీ పేలదు. నొక్కి చూపించాడు. నా గుండె మాత్రం ఆగింది. హ్యామర్‌కి పైన గుండుసూది మొనంత పుల్ల ఒకటి ఉంటుంది. గొట్టంలో తూటా ఉంటే ఆ పుల్ల కాస్త బయటికి పొడుచుకొస్తుంది. చీకట్లో చూడక్కర్లేదు, బొటనవేలితో తడిమితే చాలు.

"అసలు మజా ఇక్కడుంది చూడు" అని, హ్యామర్ లేపకుండానే ట్రిగ్గర్ మెల్లగా లాగాడు. ట్రిగ్గర్ వెనక్కి వస్తుంటే హ్యామర్ దానంతటదే లేచి, చివర్లో పడింది. అప్పటి వరకూ జేబు పిస్టళ్ళకి ముందు హ్యామర్ ఎక్కించి పెట్టుకుంటే గానీ మొదటి గుండు పేలదు, ఎక్కించి జేబులో పెట్టుకుంటే ప్రమాదం. ఈ వాల్తర్ వాళ్ళు రివాల్వర్ ట్రిగ్గర్ పద్ధతిని పిస్టల్‌లోకి తెచ్చారు. తూటా ఎక్కించి, హ్యామర్ దించి, నిశ్చింతగా కోటు లోపల పెట్టుకోవచ్చు. కావలసినప్పుడు తీసి లాగడమే. మొదటిసారి బరువుగా, పొడుగ్గా వస్తుంది ట్రిగ్గర్. రెండోసారి నుంచి స్లైడే హ్యామర్ ఎక్కించేస్తుంది కాబట్టి తేలిగ్గా వస్తుంది. గూఢచారికి ఈ తుపాకీ ఎందుకు కుదిరిందో మావయ్య ఒక్క ట్రిగ్గర్ లాగి చెప్పేశాడు.

అంతా చెప్పి, చీటీ మళ్ళీ కడుతూ, "అయితే ఇది మీవాడి తుపాకీ కాదురోయ్, దానికి అన్నయ్య" అన్నాడు.

నాకర్థం కాలేదు. చీటీ మీద పీపీ అని ఉంది, కే లేదు. ముందు 1929లో పీపీ వచ్చింది, యూనిఫాం వేసుకున్న పోలీసులకి. 1931లో దాన్నే కుదించి పీపీకే చేశారు, మఫ్టీలో తిరిగే డిటెక్టివులు బట్టల్లో దాచుకోవడానికి. పీపీ గొట్టం పీపీకే కంటే ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ పొడుగు, పిడి కూడా కాస్త పొడుగు, ఎనిమిది తూటాలు పడతాయి. పీపీకేలో ఏడే. పీపీ పిడి వెనక ఇనుము బయటికి కనిపిస్తుంది. పీపీకేకి ప్లాస్టిక్ పిడి వెనక నుంచి కూడా చుట్టుకుని ఉంటుంది. ఇది తేడా పట్టే గుర్తు. ఆ రోజు మహా నిరాశపడ్డాను, చూసింది అసలుది కాదే అని.

ఇక్కడే ఉంది తమాషా. ‘డాక్టర్ నో’ సినిమాలో పీపీకే అని చెప్పి బాండ్ చేతిలో పెట్టింది కూడా పీపీనే! బాండ్ వదల్లేక వదిలిన ఆ చిన్న .25 బెరెట్టా కూడా నిజానికి దానికంటే పెద్దదైన 1934 మోడల్ బెరెట్టా. అంటే సినిమా చరిత్రలో అంత పేరుపడ్డ తుపాకుల మార్పిడి సీనులో రెండూ చెప్పిన తుపాకులు కావు. ఇది ఎవరో పుట్టించిన పుకారు కూడా కాదు. 2020 డిసెంబరులో ఆ సినిమాలో కానరీ పట్టుకున్న తుపాకీని అమెరికాలో జూలియన్స్ వాళ్ళు వేలం వేసినప్పుడు వాల్తర్ పీపీ అనే రాసి అమ్మారు. 2 లక్షల 56 వేల డాలర్లు పలికింది. ఆ వార్త చదివి నేను మొదట చేసిన పని మావయ్యకి ఫోన్ చేయడం. "మరి నేను ఆనాడే చూపించాగదరా అసలు దాన్ని" అన్నాడు, రసీదు రాసినంత మామూలుగా.

అదే సినిమాలో ఇంకో సీను మా బ్యాచ్‌లో పెద్ద గొడవే పెట్టింది. జమైకా, రాత్రి. విలన్ మనిషి ప్రొఫెసర్ డెంట్ చప్పుడు కాకుండా వచ్చి, మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్న బాండ్‌ని తూట్లు తూట్లుగా కాల్చేస్తాడు. మంచం మీద ఉన్నది దిండ్లు. బాండ్ తలుపు వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాడు, అప్పటిదాకా ఒక్కడే పేకాడుకుంటూ. తుపాకీ కింద పడేయమంటాడు. పడేస్తాడు డెంట్. మాటల్లో పెట్టి, కాలితో తివాచీని మెల్లమెల్లగా లాక్కుంటూ తుపాకీని దగ్గరికి తెచ్చుకుంటాడు. బాండ్ చూస్తూనే ఉంటాడు. మనకి తెలుసు వాడు చూస్తున్నాడని. డెంట్‌కి తెలియదు. తీసుకుని నొక్కితే ఖాళీ. అది స్మిత్ అండ్ వెసన్, నీ ఆరూ అయిపోయాయి అని నింపాదిగా చెప్పి కాలుస్తాడు. పడిపోయినవాణ్ణి ఇంకోసారి కూడా కాలుస్తాడు. అదే నాకు ఆనాడూ నచ్చలేదు, ఈనాడూ నచ్చదు. అయితే ఆ సిరీస్ మొత్తంలో బాండ్ అంటే ఏమిటో చెప్పిన సీను కూడా అదే.

మా శీను ఇంటర్‌లో ఎన్‌సీసీ. వాడు బయటికొచ్చాక, "ఒరేయ్, ఆరు తూటాలుండేది గుండ్రంగా తిరిగే రివాల్వర్‌కిరా. వాడి చేతిలో ఉన్నది పిస్టల్. పైన స్లైడ్ చూళ్ళేదా?" అని పట్టుకున్నాడు. మేమెవ్వరం ఒప్పుకోలేదు. బాండే చెప్తుంటే మధ్యలో వీడెవడు! శీనే కరెక్ట్. డెంట్ చేతిలో ఉన్నది అప్పట్లో అమెరికా సైన్యం వాడిన కోల్ట్ .45, 1911 మోడల్. దాని మ్యాగజైన్‌లో ఏడు పడతాయి. ఆరు కాల్చాక ఇంకోటి మిగలాలి. లెక్క ప్రకారం బాండ్ కథ మొదటి సినిమాలోనే, ఆ కుర్చీలోనే అయిపోవాలి. పైగా అతని చేతిలో సైలెన్సర్ బిగించి ఉన్నది ఎమ్ అంత గట్టిగా చెప్పి ఇచ్చిన వాల్తర్ కూడా కాదు, బెల్జియం వాళ్ళ బ్రౌనింగ్ 1910. పాత బెరెట్టా వదలనని మారాం చేసినవాడు కొత్తదాన్నీ హోటల్ రూములో వదిలేసి వచ్చాడా అని నవ్వుకునేవాళ్ళం తర్వాత.

పోస్టర్ల సంగతి ఇంకా విడ్డూరం. గడ్డానికి దగ్గరగా పొడుగాటి తుపాకీ అడ్డంగా పట్టుకుని, కనుబొమ్మ ఎగరేసి చూస్తున్న కానరీ ఫొటో ఒకటి ఉంటుంది. సెలూన్లలో కూడా దాని క్యాలెండర్లు చూశాను నేను. ఆ గొట్టం పొడుగు చూసి సైలెన్సర్ తగిలించిన వాల్తర్ అనుకునేవాళ్ళం. రెండో సినిమా పబ్లిసిటీ కోసం ఫొటోలు తీయాల్సిన రోజున సినిమావాళ్ళు పీపీకే తీసుకురావడం మర్చిపోయారు. ఫొటోగ్రాఫర్ డేవిడ్ హర్న్‌కి గురి కొట్టే సరదా ఉంది. తన దగ్గరున్న గాలి పిస్టల్ తీసి చేతిలో పెట్టాడు. వాల్తర్ కంపెనీదే, ఎల్‌పీ-53, తిరనాళ్ళలో బెలూన్లు కొట్టే తుపాకీ జాతి. దానితో కాలిస్తే పిచ్చుక కూడా ఆలోచించి పడుతుంది. ప్రపంచమంతా భయపడాల్సిన గూఢచారి చేతిలో అది. 2010లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో ఆ గాలి తుపాకీ 2 లక్షల 77 వేల పౌండ్లకి పైగా పలికింది. అసలు సినిమాలో వాడినదానికంటే ఎక్కువన్నమాట!

విలన్ల తుపాకుల్లో మా మనసు దోచింది ఒక్కటే, 1974 సినిమాలో క్రిస్టఫర్ లీ పట్టుకున్న బంగారు తుపాకీ. అతను తుపాకీ దాచుకోడు. టేబుల్ మీద సిగరెట్ కేసు, లైటరు, పెన్ను పెట్టుకుని మామూలుగా కూర్చుంటాడు. పెన్ను గొట్టం అవుతుంది, లైటరు తూటా పెట్టే గది అవుతుంది, సిగరెట్ కేసు పిడి, చొక్కా కఫ్‌లింకు ట్రిగ్గర్. బెల్టు బకిల్‌లోంచి బంగారు తూటా తీస్తాడు. ఒకటే తూటా. ఒక చావుకి మిలియన్ డాలర్లు తీసుకునేవాడికి రెండో తూటా ఎందుకని పొగరు. మేం మర్నాడే కేమెల్ జామెట్రీ బాక్సు, ఇంకు పెన్ను, రబ్బరు బ్యాండుతో తయారీ మొదలుపెట్టాం. పెన్నులోంచి తూటా బదులు ఇంకు ఎగిరి శీను తెల్లచొక్కా మీద పడింది. వాళ్ళమ్మ గారు మమ్మల్ని ఇంట్లోకి రానివ్వలేదు కొన్నాళ్ళు.

అదే 1974లో, మార్చి 20న, సినిమాతో సంబంధం లేని ఒక సంగతి లండన్‌లో జరిగింది. బ్రిటన్ యువరాణి ఆన్ కారుని ఒకడు అడ్డగించి ఎత్తుకుపోవాలని చూశాడు. కాపలాగా ఉన్న ఇన్‌స్పెక్టర్ జేమ్స్ బీటన్ తన తుపాకీ తీసి కాల్చాడు. మొదటి గుండు తగల్లేదు. తర్వాత తుపాకీ జామ్ అయింది. ఆయన దగ్గరున్నది వాల్తర్ పీపీకే. మూడు గుళ్ళు తిని కూడా అడ్డం నిలబడ్డాడాయన, యువరాణి క్షేమంగా బయటపడింది, ఆయనకి సాహసానికిచ్చే జార్జ్ క్రాస్ పతకం ఇచ్చారు. ఆ తర్వాత రాజకుటుంబం కాపలావాళ్ళ దగ్గర ఆ తుపాకులు తీసేసి వేరేవి ఇచ్చారు. జామ్ అవుతుందని బెరెట్టా లాక్కుని ఏ తుపాకీ ఇచ్చారో, నిజం లండన్‌లో ఆ తుపాకీయే జామ్ అయింది. ఇది చదివిన రోజున ఎమ్ టేబుల్ ముందు మొహం మాడ్చుకున్న బాండ్ మీద నాకు జాలేసింది. కుర్రాడు చెప్పినమాట వినాల్సింది.

మన దేశంలో మాత్రం ఆ తుపాకీ కథ వేరే దారి పట్టింది. బోరంటే గొట్టం లోపలి కొలత. 9 మిల్లీమీటర్లు, .38 లాంటివి ఇక్కడ నిషేధిత బోరు, మామూలు లైసెన్సుకి రావు. పాయింట్ త్రీటూ మాత్రం వస్తుంది. బాండ్ పిస్టల్ 7.65 అంటే అదే పాయింట్ త్రీటూ. బయట దేశాల్లో చిన్న తూటా అని పెదవి విరిచిన బోరే ఇక్కడ అందరికీ దిక్కు. 1980ల్లో విదేశీ తుపాకుల దిగుమతి ఆపేశాక, అంతకుముందే దేశంలోకి వచ్చేసిన పాత వాల్తర్లకి, వెబ్లీ రివాల్వర్లకి రెక్కలొచ్చాయి. మావయ్య గుడ్డ మీద పరిచి చూపించినలాంటివి లక్షలకి చేతులు మారాయట. పోలీసుల కోసం జర్మనీలో చేసిన వస్తువు, ఇక్కడ భూస్వాములకీ కాంట్రాక్టర్లకీ హోదా అయింది. మావయ్య వాటిలో చాలా తుపాకులు జీవితంలో ఒక్క గుండూ పేలకుండా ఎన్నికలకి డిపాజిట్ అవుతూ, విడుదలవుతూ ముసలివైపోయాయని చెప్పేవాడు.

తర్వాత వచ్చిన బాండ్లలో తుపాకీ మారినప్పుడల్లా మాకు కోపం వచ్చేది. ఉదయపూర్‌లో తీసి 1983లో వదిలిన సినిమా, మన విజయ్ అమృత్‌రాజ్ ఉన్నాడు కదాని ఎగబడి చూస్తే రోజర్ మూర్ చేతిలో వాల్తర్ పీ5. కంపెనీ అదే, కళ లేదు. 1997 సినిమాలో పియర్స్ బ్రాస్నన్ పీ99 పట్టాడు. అదప్పుడే మార్కెట్లోకి వచ్చిన మోడల్. సినిమా ఆడుతున్నంతసేపూ నాకు షోరూములో కూర్చున్నట్టే ఉంది. పదహారు తూటాలు పట్టే తుపాకీ చేతికిస్తే హీరో లెక్కపెట్టడం మానేస్తాడు. లెక్కలేని చోట టెన్షన్ ఎక్కణ్ణించి వస్తుంది? మధ్యలో 1989లో టిమొతీ డాల్టన్ సినిమాలో మాత్రం ఒక మంచి ముక్క ఉంది. కీ వెస్ట్‌లో హెమింగ్వే ఇంట్లో ఎమ్ లైసెన్సు రద్దు చేసి తుపాకీ ఇచ్చేయమంటాడు. చూడగానే మావయ్య షాపు, డిపాజిట్ రసీదు గుర్తొచ్చాయి. బాండ్ రసీదు తీసుకోలేదు గానీ.

2008లో డేనియల్ క్రెయిగ్ చేతికి మళ్ళీ పీపీకే వచ్చింది. 2012లో, మొదటి సినిమాకి సరిగ్గా 50 ఏళ్ళకి, ‘స్కైఫాల్’లో ఆ పాత సీనుని మళ్ళీ తీశారు. లండన్ నేషనల్ గ్యాలరీలో, పాత యుద్ధనౌకని చివరి ప్రయాణంలో లాక్కెళ్తున్న టర్నర్ పెయింటింగ్ ముందు బెంచీ మీద కుర్ర క్యూ, అంటే బాండ్‌కి ఆయుధాలు ఇచ్చే ఆఫీసరు, వచ్చి కూర్చుంటాడు. పెట్టె ఇస్తాడు. పీపీకే ఎస్, పిడిలో బాండ్ అరచేతిని గుర్తుపట్టే సెన్సార్. వేరేవాడు పట్టుకుంటే పేలదు. ఒక తుపాకీ, ఒక రేడియో, అంతేనా అన్నట్టు చూస్తాడు బాండ్. ఆ తర్వాత మకావ్‌లో ఒక రౌడీ ఆ తుపాకీ లాక్కుని బాండ్ మీదే నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది తప్ప పేలదు. హైదరాబాదు మల్టీప్లెక్సులో పక్కన కూర్చున్న మా అబ్బాయి ఈల వేశాడు. నేను ఇంటర్వెల్‌లో బయటికొచ్చి మావయ్యకి ఫోన్ చేశాను. షాపు మానేసి అప్పటికి చాలా ఏళ్ళయింది ఆయన. టెక్నాలజీ అంతా వివరంగా చెప్పాను, అరచెయ్యి సంగతి, ఎర్రలైటు సంగతి. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"బానే ఉందిరా. కానీ తండ్రి పోయి లైసెన్సు కొడుకు పేరు మీదికి మార్చాల్సొస్తే, ఆ చెయ్యి ఎక్కణ్ణించి తెస్తార్రా? ఆ అప్లికేషన్ కలెక్టరాఫీసులో ఏ గుమాస్తా తీసుకుంటాడు?"